జనరల్ కృష్ణారావు పేరుతో తిరుగుతున్న ఆ సందేశం గురించి

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత పదో తరగతి స్నేహితుల గ్రూపులో ఇద్దరు పంపారు. నిన్న రాత్రి పదకొండు గంటలకు మా బాబాయి పంపారు. పైన ఒకప్పటి మన ఆర్మీ చీఫ్, తెలుగువాడైన జనరల్ కె.వి.కృష్ణారావు ఫొటో, చుట్టూ మూడు రంగులు, అడుగున ‘తెలుగువాడివైతే పదిమందికి పంపు’ అనే హుకుం. నేను తెలుగువాడినే. పదిమందికి పంపను, ఎందుకో రాస్తాను.

చూడనివారి కోసం సందేశం సారాంశం ఇది. ఢాకాలో పాకిస్తాన్ సైన్యాన్ని లొంగదీసింది ఆయనేనట. సియాచిన్ గెలిచింది ఆయనేనట. సైన్యంలో అన్నిటికన్నా పెద్దదైన ఫీల్డ్ మార్షల్ హోదా ఇవ్వకుండా తొక్కేశారట. గవర్నర్ పదవి పొందిన మొదటి సైన్యాధిపతి ఆయనేనట. 1990లో తీవ్రవాదులను వదిలిపెట్టినందుకు నిరసనగా గవర్నర్ పదవిని విసిరికొట్టారట. 1993లో మళ్ళీ కాశ్మీర్ వెళ్ళి, సైన్యానికి తానే ఆజ్ఞలిచ్చి, నెల రోజుల్లో తీవ్రవాదాన్ని తుడిచిపెట్టారట. చివరి వాక్యం యథాతథంగా: ‘ఇలాంటి జనరల్స్‌ను అన్ని రాష్ట్రాలకూ గవర్నర్లుగా పంపి పదేళ్ళు ఎన్నికలు ఆపేస్తే దేశం బాగుపడుతుంది.’

చిన్నవాటిని ముందు తేల్చేస్తాను. సైన్యంలో ఫీల్డ్ మార్షల్ హోదా దక్కింది మానెక్‌షా, కరియప్పలిద్దరికే. మిగతా ఆర్మీ చీఫ్‌లందరినీ తొక్కేశారా? సియాచిన్ మీదికి మన సైన్యం వెళ్ళింది 1984 ఏప్రిల్‌లో. కృష్ణారావు గారు ఆర్మీ చీఫ్‌గా పదవీ విరమణ చేసింది 1983 జూలై 31న. ఇక మొదటి గవర్నర్ విషయం. ఆర్మీ చీఫ్‌గా పనిచేసిన జనరల్ శ్రీనగేశ్ 1959లోనే అస్సాం గవర్నర్ అయ్యారు. 1962 నుంచి 1964 వరకు ఆయన మన ఆంధ్రప్రదేశ్‌కే గవర్నర్. హైదరాబాద్ రాజ్‌భవన్‌లో కూర్చున్న మనిషినే మరిచిపోయి, తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో సందేశాలు తిప్పుతున్నాం.

ఢాకా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ అబద్ధం ఒక నిజాన్ని మింగేసింది. 1971 డిసెంబర్ 16న ఢాకాలో, తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్)లోని పాక్ సేనాధిపతి నియాజీ నుంచి లొంగుబాటు పత్రం అందుకున్నది మన తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా. ఆ సమయంలో మేజర్ జనరల్ కృష్ణారావు అక్కడికి ఈశాన్యంలో, సిల్హెట్ వైపు ఉన్నారు. అంతకు ముందు నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాట్లను ఎదుర్కొంటున్న 8వ పర్వత డివిజన్‌ను యుద్ధానికి దించారు. ఆ డివిజన్ అధిపతి ఆయనే. శంషేర్‌నగర్, మౌల్వీబజార్ల మీదుగా ఆ సైన్యం ముందుకు సాగింది. డిసెంబర్ 7న గూర్ఖా పటాలం ఒకదాన్ని హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దించారు. యుద్ధంలో మన సైన్యం హెలికాప్టర్లలో దిగి శత్రువు మీద పడడం అదే మొదటిసారి. దిగింది నాలుగు వందల మంది కూడా కాదు. ఎదురుగా వేల మంది. తిండీ తూటాలూ తరిగిపోతుంటే రోజుల తరబడి అక్కడే పాతుకుని నిలబడ్డారు. చివరికి సిల్హెట్‌లోని పాకిస్తాన్ దళం మొత్తం, ముగ్గురు బ్రిగేడియర్లతో సహా, ఆయుధాలు కింద పెట్టింది. ఇంత జరిగితే ఇందులో ఒక్క అక్షరం సందేశంలో లేదు. ఆయన లేని ఢాకాలో ఆయనను నిలబెట్టారు, ఉన్న సిల్హెట్‌లోంచి చెరిపేశారు. పొగుడుతున్నామనుకుంటూ మీరు చేసిన పని ఇది.

1990 రాజీనామా కథ ఇంకా వింతగా ఉంది. ఆయన మొదటిసారి జమ్మూ కాశ్మీర్ గవర్నర్‌గా వెళ్ళింది 1989 జూలైలో. అప్పుడు అక్కడ ఫారూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రిగా ఎన్నికైన ప్రభుత్వం ఉంది, పాలన గవర్నర్ చేతిలో లేదు. డిసెంబర్ 8న కేంద్ర హోంమంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కూతురిని ఎత్తుకుపోయారు, 13న ఐదుగురు తీవ్రవాదులను విడిచిపెట్టి ఆమెను తెచ్చుకున్నారు. మరుసటి నెల వి.పి.సింగ్ ప్రభుత్వం ఈయన స్థానంలో జగ్‌మోహన్‌ను పంపింది. ఆ నియామకాన్ని వ్యతిరేకిస్తూ పదవి వదిలేసింది ముఖ్యమంత్రి. సందేశం ఫారూక్ రాజీనామాను తీసుకెళ్ళి కృష్ణారావు గారి జేబులో పెట్టింది. ఇదే గ్రూపుల్లో మరో నెలలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సందేశం కూడా వస్తుంది, కాశ్మీరీ పండిట్లు లోయ వదిలి వెళ్ళిపోతుంటే గవర్నర్‌గా కృష్ణారావు చేతులు ముడుచుకు కూర్చున్నాడని. ఆయన స్థానంలో జగ్‌మోహన్ వచ్చింది జనవరి 19న, పండిట్ల వలస పెద్ద ఎత్తున సాగింది ఆ తర్వాత. తేదీలు చూసే ఓపిక రెండు సందేశాలు రాసినవాళ్ళకూ లేదు.

ఇప్పుడు అసలు విషం దగ్గరికి వస్తాను. ‘సైన్యానికి తానే ఆజ్ఞలిచ్చి’ అంటున్నారు. రాజ్‌భవన్‌లో కూర్చున్న మాజీ జనరల్ సైన్యానికి ఆజ్ఞలివ్వలేరు, ఆయన నిన్నటి దాకా ఆర్మీ చీఫ్ అయినా సరే. సైన్యానికి దాని అధికారులున్నారు, వారి పైన కేంద్ర ప్రభుత్వం ఉంది. 1993 మార్చిలో ఆయన రెండోసారి వెళ్ళేనాటికి అక్కడ రాష్ట్రపతి పాలన నడుస్తోంది. కాబట్టి సలహాదారుల సాయంతో పాలన చూసే బాధ్యత ఆయన మీద పడింది. సైన్యం, సరిహద్దు భద్రతా దళం, పోలీసులు ఎవరి దారి వారిదిగా పోకుండా కలిసి కూర్చునే ఏర్పాటు ఆ సంవత్సరమే మొదలైంది. అవసరమైన పనే. కానీ దాన్ని సమన్వయం అంటారు, సేనాపతి గర్జన అనరు.

నెల రోజుల్లో తుడిచిపెట్టారా? నెలన్నర తిరగకముందే శ్రీనగర్‌లో సాక్షాత్తూ పోలీసులే తిరగబడి సమ్మెకు దిగారు. అక్టోబర్‌లో హజ్రత్‌బల్ దర్గాలోకి సాయుధులు చొరబడ్డారు. సందేశం రాసిన వీరుడైతే ఫిరంగులు పంపి ఉండేవాడు. కృష్ణారావు పాలన ఆ పని చేయలేదు. దర్గా చుట్టూ సైన్యాన్ని నిలిపి, మాటలు నడిపారు. కోర్టు ఆదేశాల మేరకు లోపలున్నవారికి అన్నం పంపారు. ‘తీవ్రవాదులకు విందు భోజనాలా’ అని ఢిల్లీలో గగ్గోలు పెట్టినవాళ్ళున్నారు. నెల రోజులు దాటాక, నవంబర్ నడుమ, దర్గా గోడకు దెబ్బ తగలకుండా లోపలివాళ్ళు బయటికొచ్చి లొంగిపోయారు. జీవితమంతా తుపాకీతో గడిపిన మనిషి తుపాకీ పేల్చకుండా నెల రోజులు ఆగగలిగాడు. నాకు ఆయనలో కనిపించే గొప్పతనం అది.

అలాగని నేను కూడా ఆయనకు గుడి కట్టను. ఆ ముట్టడికి నిరసనగా అక్టోబర్ 22న బిజ్‌బెహరాలో జనం ఊరేగింపు తీస్తే సరిహద్దు భద్రతా దళం కాల్పులు జరిపింది. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. అది ఆయన హయాంలోనే జరిగింది. 1995 మేలో చరార్-ఎ-షరీఫ్‌లో నూరుద్దీన్ నూరానీ దర్గా, చుట్టూ ఉన్న ఇళ్ళతో సహా కాలిపోయింది. నెలల తరబడి అక్కడ తిష్ఠ వేసిన తీవ్రవాద నాయకుడు మస్త్ గుల్ తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. హజ్రత్‌బల్ ఓర్పును ఆయన లెక్కలో వేసేటప్పుడు చరార్ బూడిదను కూడా వేయాలి. ‘నెలలో తుడిచిపెట్టారు’ అనే మాట బిజ్‌బెహరా, చరార్ ఊళ్ళవారికి ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

1995 జనవరి 26. జమ్మూలోని మౌలానా ఆజాద్ స్టేడియం. గణతంత్ర దినోత్సవం. గవర్నర్ ప్రసంగిస్తుండగా వేదిక దగ్గరలో బాంబులు పేలాయి. ఆయన వెంట్రుకవాసిలో బయటపడ్డారు. ఎనిమిది మంది చనిపోయారు. జెండా పండుగ చూడటానికో, డ్యూటీకో వచ్చి, ఇంటికి వెళ్ళనివాళ్ళు. రెండేళ్ళ కిందటే తీవ్రవాదం తుడిచిపెట్టుకుపోయి ఉంటే ఆ బాంబులు ఎక్కడివి, బాబాయ్? మీరు పంపిన సందేశం ఆ ఎనిమిది మందిని కూడా తుడిచిపెట్టింది.

ఇక ఎన్నికలు ఆపేయమనే ఆ చివరి వాక్యం. దీన్ని ఆయన ఫొటో కింద రాయడానికి చేతులెలా వచ్చాయి? రెండోసారి వెళ్ళిన మూడున్నరేళ్ళూ ఆయన పాలన చేరాలనుకున్న గమ్యం ఎన్నికలే. 1995 చివర్లో జరపాలనుకుంటే ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. 1996 మేలో లోక్‌సభకు, సెప్టెంబర్‌లో అసెంబ్లీకి పోలింగ్ జరిగింది. అక్టోబర్ 9న ఫారూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆరేళ్ళకు పైగా ఎన్నికైన ప్రభుత్వం లేని రాష్ట్రానికి ప్రభుత్వం వచ్చింది. బలవంతంగా ఓటు వేయించారన్న ఆరోపణలు ఆ ఎన్నికల మీద ఉన్నాయి, వాటిని కొట్టిపారేయలేం. కానీ ఆ తర్వాత కృష్ణారావు ఏం చేశారో చూడండి. 1998 మే వరకు, మంత్రివర్గం సలహా మేరకు నడుచుకునే మామూలు గవర్నర్‌గా అదే రాజ్‌భవన్‌లో ఉన్నారు. చేతిలో ఉన్న అధికారం మొత్తాన్ని మరొకరికి అప్పగించి, అదే ఊళ్ళో ఏడాదిన్నర సంతకాలు పెడుతూ కూర్చోవడానికి ఎంత నిగ్రహం కావాలి! ఎన్నికలు లేని పాలనను చూసి చూసి, దాన్ని ముగించడానికి పనిచేసిన మనిషి నోట ‘ఎన్నికలు ఆపేయండి’ అనే మాట పెడతారా? అయ్యా, పది రాష్ట్రాలకు పది మంది జనరల్స్‌ను పంపి పదేళ్ళు ఎన్నికలు ఆపే దేశం కావాలంటే సరిహద్దు అవతల ఉంది. అక్కడ ఆ ప్రయోగం ఎన్నోసార్లు చేశారు. దాని ఫలితమే 1971. సిల్హెట్‌లో ఆయన ఓడించింది ఆ పద్ధతినే.

ఒక మాట మాత్రం సందేశంలో నిజం. ‘ఈ మనిషిని తెలుగువాళ్ళు మరిచిపోయారు’ అని మధ్యలో ఎక్కడో ఉంది. దాన్ని కూడా ఖండిద్దామనే కూర్చున్నాను. కానీ నిన్న రాత్రి మా అబ్బాయిని అడిగితే మానెక్‌షా తెలుసన్నాడు. కృష్ణారావు పేరు చెబితే ‘క్రికెటరా నాన్నా?’ అన్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. తప్పు వాడిది కాదు, పదిహేడేళ్ళుగా ఒక్కసారి కూడా చెప్పని నాది. బాబాయ్, ఈ విషయంలో మీరే గెలిచారు.

ఆ తర్వాత ఇద్దరం ఫోనులో పటం తెరిచి కూర్చున్నాం. సుర్మా నది ఒడ్డున సిల్హెట్ దొరికింది. అక్కడి నుంచి వేలితో దక్షిణానికి జరిగితే మౌల్వీబజార్, ఇంకాస్త కిందికి శంషేర్‌నగర్, ఆపైన మన సరిహద్దు గీత. హెలికాప్టర్లు దిగింది ఎక్కడ అని అడిగాడు. నదికి ఈవలేనా, ఆవలా అని ఇద్దరం వెతుక్కుంటుంటే పన్నెండు దాటింది.