పుల్లటి బీరు పై మెట్టు అని ఎవరన్నారు?

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడు రెండు బీరు క్యాన్లు తెచ్చాడు. ఇది మామూలు బీరు కాదని, 'గోజ' అనే జర్మన్ రకమని, గటగటా తాగేయొద్దని ముందే జాగ్రత్తలు చెప్పాడు. ఒక క్యాన్ తెరిచి మేడ మీద కూర్చుని పంచుకున్నాం. మర్నాడు పొద్దున్న గిన్నెలు తోముతూ అమ్మ ఒక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "అంబలి పులిసిపోనాదేటిరా?" అంది. తమ్ముడు నవ్వేశాడు. నాకు మాత్రం ఆ మాట బుర్రలోంచి పోలేదు. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం మరి.

గోస్లార్ అనే జర్మన్ ఊళ్ళో పుట్టి, లైప్‌జిగ్‌లో పేరు తెచ్చుకున్న బీరు అది. గోధుమ, బార్లీ, కాస్త ఉప్పు, కాసిని ధనియాలు పడతాయి అందులో. దాని పులుపు లాక్టిక్ ఆమ్లం వల్ల వచ్చేది. మన ఇళ్ళలో పాలు తోడుకోవడానికి, చోడి (రాగి) అంబలి రాత్రికి రాత్రి పులవడానికి కారణమయ్యే బాక్టీరియా కుటుంబమే అక్కడా పనిచేస్తుంది. ఉప్పేసిన పుల్లమజ్జిగలో ధనియాల పొడి చల్లితే ఎలా ఉంటుందో ఊహించండి, సగం అర్థమైపోతుంది.

అయితే చిన్న చిన్న బ్రూవరీలు ప్రత్యేకంగా కాచే క్రాఫ్ట్ బీరు ప్రియుల లెక్కలో గోజ లాంటి పుల్ల బీర్లు ఎవరికి పడితే వాళ్ళకి ఎక్కేవి కావు. వాళ్ళ దగ్గర ఒక నిచ్చెన ఉంటుంది. అట్టడుగున షాపులో దొరికే మామూలు లాగర్. దాని మీద గోధుమ బీరు, అంటే 'కొత్తవాళ్ళకి'. ఆ పైన చేదుగా ఉండే ఐపీఏ. ఆ తర్వాత నల్లటి స్టౌట్. చిట్టచివర, గడ్డం నిమురుకుంటూ తాగాల్సిన పుల్ల బీర్లు, ఇంగ్లీషులో 'సవర్స్'. "ఈమధ్య నాకు సవర్స్ తప్ప ఏవీ ఎక్కట్లేదు" అని ఎవరైనా అంటే, సంగీతంలో పల్లవి దాటి తనివితీరా స్వరకల్పనలోకి వెళ్ళినంత గౌరవం. మా శ్రీకాకుళం కుర్రాళ్ళు విశాఖలో, బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలకి వెళ్ళి, రెండేళ్ళలో ఈ నిచ్చెన కూడా సామాన్లలో వేసుకుని వస్తున్నారు.

నా అభ్యంతరం నిచ్చెన మీద కాదు, అది ఎవరి ఇంటి గోడకి ఆనించినదో మర్చిపోవడం మీద. క్రాఫ్ట్ బీరు ఉద్యమం ప్రధానంగా అమెరికాలో ఊపందుకుంది. 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న యాంకర్ బ్రూవరీలో వాటా కొని నిలబెట్టాడు. 1980లో సియెర్రా నెవాడా వాళ్ళు బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల్లో కాస్కేడ్ అనే రకం ఘుమఘుమతో పేల్ ఏల్ అనే లేత రంగు బీరు కాచారు. అప్పటికి అక్కడి జనం తాగుతున్నది నీళ్ళలాంటి పల్చటి లాగర్. అలాంటి నాలుకకి మొదట చేదు వింత, తర్వాత మాడు వాసన వింత, అన్నిటికన్నా వింత పులుపు. ఆ వరసలోనే వాళ్ళు అలవాటు పడ్డారు, ఆ వరసే నిచ్చెన అయింది. మన నాలుక అక్కడ మొదలవ్వలేదు. చింతపండు, గోంగూర, పుల్లమజ్జిగ, చద్దన్నం తరవాణి, కాకరకాయ, ఏడాదికోసారి పచ్చడిలో వేపపువ్వు - వీటిమీద పెరిగిన నోటికి పులుపు పై మెట్టెలా అవుతుంది? మాకది గడప.

రుచి గురించి మాట్లాడే మాటలదీ ఇదే కథ. బీరు రివ్యూల్లో గ్రేప్‌ఫ్రూట్, పైన్, టాఫీ అంటారు. గ్రేప్‌ఫ్రూట్ మా బజార్లో దొరకదు. దానికి దగ్గరి చుట్టం పంపరపనస మాత్రం ఎన్నో పెరళ్ళలో ఉంది. కాస్కేడ్ హాప్స్ వాసన పంపరపనస తొక్క గిల్లినప్పుడు వచ్చేదే. పైన్ అంటే ఇక్కడ ఎవరికీ తెలీదు కానీ సాంబ్రాణి అంటే అందరికీ తెలుసు. రెండూ చెట్టు జిగురు వాసనలే కదా. స్టౌట్‌ని మా మిత్రుడొకడు "అడుగంటిన డికాషన్‌లో మాడిన చోడిరొట్టె ముంచినట్టుంది" అన్నాడు. ఏ ఇంగ్లీషు వర్ణనా దీన్ని కొట్టలేదు. అతడు మళ్ళీ అడిగి మరీ తాగాడు, కాబట్టి అది మెచ్చుకోలే.

అసలు మాల్ట్ అన్న మాటే మనకి కొత్త కాదు. చోళ్ళు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, దోరగా వేపి పిండి పట్టిస్తే పసిపిల్లలకి పోసే మాల్ట్. బార్లీకి చేసేదీ అంతే. గింజ మొలకెత్తేటప్పుడు దాంట్లో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరని ఈస్ట్ అనే సూక్ష్మజీవి తింటుంది. వేపుడు తక్కువైతే బిస్కెట్ వాసన, ఎక్కువైతే కాఫీ వాసన. ఈస్ట్ రకాన్ని బట్టి మరికొన్ని వస్తాయి. జర్మన్ గోధుమ బీరుకి అరటిపండు, లవంగం వాసనలు వచ్చేది అరటిపండు వేసి, లవంగం వేసి కాదు, ఈస్ట్ పుట్టించే రసాయనాల వల్ల. ఆ అరటి వాసన ఇచ్చేదాన్ని ఐసోఎమిల్ అసిటేట్ అంటారు. నిజం అరటిపండులోనూ అదే ఉంటుంది. బెల్జియం వాళ్ళ గోధుమ బీరులో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. అది మొదటిసారి తాగిన మా బావగారబ్బాయి అడిగిన ప్రశ్న: "ఇదేటి మావా, రసంలో సోడా కలిపేరా?"

పోయిన వేసవిలో మా ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టాం. శాస్త్రీయం అనను, అయిదుగురమే ఉన్నాం. విశాఖలో దొరికిన నాలుగు రకాలు తెచ్చి, నేను వంటగదిలో స్టీలు గ్లాసుల్లో పోసి నంబర్లు వేశాను. స్టీలు గ్లాసైతే రంగు కూడా సరిగ్గా కనబడదు. ఒక మైల్డ్ లాగర్, ఒక స్ట్రాంగ్, ఒక గోధుమ బీరు, ఒక ఐపీఏ. మాలో ఐపీఏ తప్ప ముట్టనని ఒట్టేసిన మనిషి ఒకడున్నాడు. అతడు ఐపీఏకే అన్నిటికన్నా తక్కువ మార్కులేసి, "ఇదేదో ఊరూపేరూ లేని లాగర్" అని తేల్చేశాడు. స్ట్రాంగ్ తప్ప తాగని పలాస మిత్రుడు గోధుమ బీరుని ఎంచుకున్నాడు. పేర్లు చెప్పాక ఇద్దరూ మళ్ళీ తాగి, మళ్ళీ మార్కులేస్తామన్నారు. ఒప్పుకోలేదు.

అమెరికాలో 1964లోనే ఆలిసన్, ఉల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటిదే పెద్దగా చేశారు. లేబుల్ తీసేసిన సీసాలిస్తే, బీరు తాగేవాళ్ళు తాము రోజూ తాగే బ్రాండుని పోల్చుకోలేకపోయారు. లేబుల్ కనబడగానే ఎవరి బ్రాండుకి వాళ్ళ మార్కులు పెరిగిపోయాయి. 2006లో లీ, ఫ్రెడరిక్, ఆరియలీ చేసింది ఇంకా సరదాగా ఉంటుంది. బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి ఇచ్చారు. ముందే చెప్పినవాళ్ళలో చాలామందికి అది నచ్చలేదు. ఏమీ చెప్పనివాళ్ళలో ఎక్కువమందికి నచ్చింది. తాగేశాక చెప్పినవాళ్ళు కూడా దాన్ని ఇష్టపడుతూనే ఉన్నారు. అంటే ముందు చెప్పిన మాట నాలుక మీద కూర్చుంటుంది, తర్వాత చెప్పిన మాట కూర్చోదు. వెనిగర్ పులుపే కదా, 'సవర్' అని పేరు పెట్టి ఇచ్చుంటే ఏమనేవారో.

దీన్నిబట్టి మా ఐపీఏ మిత్రుణ్ణి డాబుసరి మనిషి అనుకోవద్దు. పరీక్ష అయ్యాక క్యాన్ అడుగున తేదీ చూశాను. నింపి ఏడు నెలలైంది. అసలు దోషం అక్కడుంది. బ్రూవర్లలో 3-30-300 అనే మోటు లెక్క ఒకటుంది: దాదాపు 32 డిగ్రీల వేడిలో మూడు రోజులు, 22 డిగ్రీల్లో ముప్పై రోజులు, 3 డిగ్రీల్లో మూడొందల రోజులు - ఎలా ఉంచినా బీరుకి జరిగే చెరుపు ఇంచుమించు ఒకటే. గోడౌన్లోంచి లారీలోకి, లారీలోంచి షాపులోకి, ఎండాకాలం మన జిల్లా రోడ్ల మీద ఆ మూడు రోజులు ఎంతసేపు? ఐపీఏ బతుకంతా హాప్స్ వాసనలోనే ఉంది. ముందు పోయేది అదే. ఆ తర్వాత గాలి తగిలి తడిసిన అట్టముక్క కంపు వస్తుంది. కోసిన ముంజకాయల్ని మూడో రోజు తిని 'నాకు ముంజలు పడవు' అనేవాణ్ణి ఏమంటాం? మన ఊళ్ళలో ఐపీఏ ఇష్టంలేదనేవాళ్ళలో చాలామంది అసలైన ఐపీఏ తాగనే లేదు. అలాగే ఇష్టమని చెప్పేవాళ్ళు బెంగళూరులో అక్కడికక్కడే బీరు కాచి పోసే బ్రూపబ్‌లో ఎప్పుడో తాగిన దాన్ని తలుచుకుని చెబుతున్నారు. గోధుమ బీరు కూడా పాతబడుతుంది, కానీ ఇంత త్వరగా పరువు పోగొట్టుకోదు. మా దగ్గర అదే ఎక్కువమందికి నచ్చడానికి రుచి ఒక కారణమైతే, తట్టుకునే ఓపిక ఇంకో కారణం.

విచిత్రమేమిటంటే ఐపీఏ అంటే 'ఇండియా పేల్ ఏల్', అందులో 'ఐ' మన ఇండియానే. లండన్‌లోని బో ప్రాంతంలో హాడ్జ్‌సన్ బ్రూవరీ, 1820ల నుంచి బర్టన్ ఊరి బ్రూవర్లు హాప్స్ దట్టించిన పేల్ ఏల్‌ని ఓడల్లో మద్రాసుకీ కలకత్తాకీ పంపేవారు. ప్రయాణాన్ని తట్టుకోవడానికే దాన్ని కనిపెట్టారన్న కథ పూర్తి నిజం కాదు. పోర్టర్ అనే నల్లటి బీరు కూడా బోలెడు అదే దారిలో వచ్చింది. మామూలు సిపాయిలు పోర్టర్ తాగితే, దొరలూ ఆఫీసర్లూ పేల్ ఏల్ తాగేవారు. నిచ్చెన అప్పుడూ ఉందన్నమాట, రుచి కన్నా హోదా కొలిచేది. ఆ రోజుల్లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ చుట్టూ నెలల తరబడి పీపాల్లో మగ్గి వచ్చిందే మంచి బీరు. ఈనాటి ఐపీఏకి హాప్స్ చాలావరకు చివర్లో, వాసన కోసం వేస్తారు. అందుకే వారాల్లో వాడిపోతుంది. పేరొక్కటే, బీరు అది కాదు.

స్ట్రాంగ్ తాగేవాళ్ళని క్రాఫ్ట్ జనం వెక్కిరించడం నాకు నచ్చదు. దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగే, అంటే 5 శాతం దాటి 8 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నది. జనానికి నాలుక లేక కాదు, లెక్క వచ్చు గనక. 650 మిల్లీలీటర్ల మైల్డ్ సీసాలో 5 శాతం చొప్పున 32 మిల్లీలీటర్ల చిల్లర ఆల్కహాల్. 8 శాతం స్ట్రాంగ్‌లో 52. అదే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 42.8 శాతం చొప్పున 77. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చి ప్రైవేటు షాపులు తెరిచినప్పుడు 99 రూపాయల క్వార్టర్ కూడా వచ్చింది. ఆ డబ్బుకి అంత ఆల్కహాల్ ఏ బీరూ ఇవ్వదు. పన్నులూ ధరలూ ఇలా ఉన్నప్పుడు కూలికెళ్ళి వచ్చిన మనిషి స్ట్రాంగ్ బీరు ఎంచుకుంటే, అది కిక్కు మోజు కాదు, అంతకన్నా మెత్తటిది ఎంచుకోవడమే. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, 1995 మద్యనిషేధం చూసిన రాష్ట్రం ఇది. ఇక్కడ మద్యం గురించి రుచి కబుర్లు చెబితే కొందరికి ఒళ్ళు మండుతుంది. మండాల్సిందే కూడా, తాగుడు ఎన్ని ఇళ్ళు కూల్చిందో మా వీధిలోనే లెక్కపెట్టొచ్చు. కానీ అన్నిటినీ కలిపి 'మందు' అనే ఒక్క మాటలో పడేయడం వల్లే తక్కువ డోసుది, ఎక్కువ డోసుది అన్న తేడా కూడా పోయింది.

రుచి తెలిసిన తాగుడు మన దగ్గర లేదనుకుంటే పొరపాటు. సీతంపేట వైపు, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీలో జీలుగు కల్లు తాగే పెద్దవాళ్ళతో కూర్చుంటే తెలుస్తుంది. పొద్దున్న దించింది తియ్యన, ఎండెక్కేకొద్దీ పులుపు, సాయంత్రానికి ఘాటు. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో, ఏ కుండ సరిగ్గా కడగలేదో చెప్పేస్తారు. కల్లుకి ఎవరూ ఈస్ట్ వెయ్యరు. గాలిలోది, చెట్టుమీదిది, కుండలోది అదంతట అదే పట్టుకుంటుంది. బ్రస్సెల్స్ దగ్గర సెన్ లోయలో లాంబిక్ అనే బీరు చేసే పద్ధతీ ఇదే. కాచిన రసాన్ని రాత్రంతా మూతలేని వెడల్పు తొట్టెలో ఆరబెడతారు. గాలిలోని సూక్ష్మజీవులు పడి అదే పులుస్తుంది. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. దాన్ని ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంటుంది, కల్లుని మాత్రం మనమే 'నాటు' అంటాం. రెండూ ఒకటే అని నేననడం లేదు. లాంబిక్‌కి మూడేళ్ళ ఓపిక ఉంది, కల్లుకి ఒక పూట ఆయుష్షు. కానీ ఒక్క పూటలో మూడు రుచులు మారే పానీయాన్ని వేళ చూసి ఎంచుకునేవాడికి నాలుక పరిణతి లేదని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను.

మా తమ్ముడితో ఈ వాదన ఫోన్లో నడుస్తూనే ఉంది. "నువ్వు చెప్పేదాన్నిబట్టి అమ్మ నాకన్నా పై మెట్టు మీదుందా?" అంటాడు. రెండో క్యాన్ ఇంకా మా ఫ్రిజ్‌లో ఉంది. నెత్తళ్ళు దొరికిన రోజు వేపించుకుని తెరుద్దామని ఆగాను. పెరుగు గిన్నెకి చోటు చాలట్లేదు, దాన్ని తీస్తావా తియ్యవా అని అమ్మ రోజూ అడుగుతోంది.