గుర్రప్పిల్లని ఆరేళ్లు కట్టేయమనే మెసేజ్ గురించి

వారం రోజులుగా మా వైజాగ్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్. "గుర్రం ఎముకలు ఆరేళ్లకు గానీ ముదరవు, రెండేళ్లకే రేసుల్లో పరిగెత్తించడం వల్లే కాళ్లు విరిగి మూలన పడుతున్నాయి, ఆరేళ్లదాకా పనే చెప్పకూడదు" అని. ఆర్.కె. బీచ్‌లో గుర్రాలు తిప్పే కుర్రాళ్లు కూడా నాకు చూపించి నిజమేనా అన్నా అని అడిగారు. గుర్రాల మీద జాలితోనే పంపుతున్నారు, కాదనను. కానీ నమ్మితే నష్టపోయేది గుర్రమే.

ముందు ఆ ఆరేళ్ల లెక్క చూడండి. ఎముకలన్నీ ఒకేసారి ముదరవు. ఎదిగే ఎముక కొసల్లో గ్రోత్ ప్లేట్ అని మెత్తటి పొర ఉంటుంది, అది గట్టిపడితే పొడుగు ఆగిపోతుంది. ముందుకాలి మోకాలి కింద ఉండే కానన్ బోన్ అడుగున ఆ పొర ఏడాది నిండకముందే మూసుకుపోతుంది, మోకాలికి సరిగ్గా పైన రెండు, రెండున్నరేళ్లకు. ఐదారేళ్లు పట్టేది వెన్నుపూసలకి. వెన్ను లెక్క తెచ్చి కాళ్లకు అంటగట్టారన్నమాట.

అసలు పొడుగు ఆగడం వేరు, బలం రావడం వేరు. ఎముక తన మీద పడే ఒత్తిడిని బట్టి గట్టిపడుతుంది, ఒత్తిడి లేకపోతే పలచబడుతుంది. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఇరుకు కొట్టాల్లో ఉంచిన దూడల్ని వారానికి ఒక్కరోజు సుమారు 70 మీటర్లు పరిగెత్తిస్తే, ఆరు వారాల్లోనే వాటి కాలి ఎముక బలం పెరిగింది. అంత చిన్న పరుగుకే! భీమిలి వైపు మాకు తెలిసినాయన ఒకరు ఇలాంటి మాటే విని ఆడపిల్ల గుర్రాన్ని ఏడాదికి పైగా షెడ్డులోనే కట్టేసి, తర్వాత ఒక్కసారిగా ఇసుకలో దౌడు తీయించారు. పది రోజులకే కుంటింది. పాపం, దాని తప్పేముంది?

ఇక రెండేళ్లకే మొదలుపెట్టినవి త్వరగా రిటైరవుతాయన్న మాట. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో రేసు రికార్డులు తిరగేస్తే, రెండేళ్ల వయసులో మొదలుపెట్టినవే ఎక్కువ కాలం, ఎక్కువ రేసులు పరిగెత్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలే ముందు బరిలోకి దిగుతాయి కాబట్టి ఆ తేడా అంతా ట్రైనింగ్ గొప్పేనని నేను చెప్పను. మెసేజ్ చెప్పినదానికి మాత్రం అది పూర్తిగా ఎదురు.

మెసేజ్‌లో ఒక భయం మాత్రం న్యాయమైనదే. మన దేశంలో రేసు లెక్కలో అన్ని గుర్రాలకీ జనవరి 1నే పుట్టినరోజు, అంటే ఏప్రిల్ చివర్లో పుట్టిన పిల్ల ఇరవై నెలలకే "రెండేళ్లది" అయిపోతుంది. కాగితం మీది వయసు చూసి తొందరపెడితే, బలం రాకముందే పని భారం పెంచితే, కానన్ బోన్ ముందువైపు వాచి నొప్పి పుడుతుంది. అందుకే రోజూ పొద్దున్నే పనికి తీసే ముందు మోకాలి నుంచి కిందికి అరచేత్తో మెల్లగా నిమరాలి. వేడి తగిలినా, బొటనవేలితో నొక్కితే కాలు లాక్కున్నా ఆ రోజు దౌడు లేదు, డాక్టర్ని పిలవాలి.