సైట్ ఆపింది ఎవరో మనకు చెప్పాలె

నల్లగొండ, పాలమూరు గ్రూపుల్ల ఏ సైట్ ఓపెన్ కాకపోయినా రెండే మాటలు: సర్వర్ డౌన్, లేకుంటె సర్కారు బంద్ పెట్టింది. ఏదో తేల్చకుండ ఫార్వర్డ్ కొడితే, నిజంగ ఆపిన్నాడు కూడ "పుకారు" అని కొట్టిపారేస్తరు.

తేల్చుడు కష్టం గాదు. అమెరికాల చదువుకునే మన పిల్లలను ఆ సైట్ తెరిచి చూడమనండి. దుబాయోళ్లను అడగొద్దు, అక్కడ సొంత ఫిల్టర్లున్నయి. అక్కడ తెరుచుకుని ఇక్కడ తెరుచుకోకపోతే, ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌ల ప్రైవేట్ డీఎన్ఎస్ కాడ dns.google అని కొట్టండి. డీఎన్ఎస్ అంటే సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ నంబర్ ఇచ్చే సర్వర్. ఇప్పుడు వచ్చిందంటే నెట్ కంపెనీ తప్పుడు అడ్రస్ ఇచ్చి ఆపుతున్నట్టు. 2014ల టర్కీ ట్విట్టర్‌ను గట్లనే ఆపితే జనం గూగుల్ డీఎన్ఎస్ నంబర్ 8.8.8.8 అని గోడల మీద రాసిన్రు. తర్వాత సర్కారు ఆ దారి కూడ మూసింది. డీఎన్ఎస్ మార్చినా సైట్ రాకుండ "కనెక్షన్ రీసెట్" పడుతుంటే, మన ఫోన్ పంపే మొదటి పలకరింపుల సైట్ పేరు చదివి లైన్ తెంపుతున్నరేమో. చైనా ఫైర్‌వాల్ వాడే పద్ధతుల్ల ఇదొకటి.

రుజువు కావాలంటే, సైట్లను ఆపుతున్నరా అని పరీక్ష చేసే ఊనీ ప్రోబ్ (OONI Probe) యాప్ ఉచితం. ఆ ఒక్క లింకే ఇచ్చి నడిపియ్యండి. మొత్తం లిస్టు నడిపిస్తే అశ్లీల సైట్లు కూడ తడుముతది, ఆఫీసు నెట్ మీద అసలే వద్దు. ఫలితం నెట్‌వర్క్ పేరుతోని అందరికీ కనపడేటట్టు పబ్లిక్ అయితది, అది యాదుంచుకోండి.

ఏ సైటూ రాకుండ కాల్స్ మాత్రం పోతున్నయంటే అది వేరే కథ, డేటానే బంద్ కావచ్చు. గప్పుడు రేషన్ షాపుల వేలిముద్ర మిషన్ పనిచెయ్యదు, ఐకేపీ సెంటర్ల వడ్ల ఎంట్రీ ఆగుతది, ముంబైల కూలికి పోయినోళ్లు పైసలు కొట్టినా ఇంటోళ్లు ఫోన్‌పేల వాడుకోలేరు. దీనికి కనీసం ఒక కట్టడి ఉన్నది. 2020 జనవరి 10న కాశ్మీర్‌ల నెట్ బంద్ మీద వేసిన అనురాధా భసీన్ కేసుల సుప్రీంకోర్టు, నెట్ బంద్ ఆర్డర్ బయటపెట్టాలన్నది. టెలికాం సేవలు బంద్ పెట్టుడు మీద వచ్చిన 2024 రూల్స్ ప్రకారం ఒక్క ఆర్డర్ 15 రోజులు దాటొద్దు, కారణం రాయాలె, 5 రోజుల్ల రివ్యూ కమిటీ చూడాలె. ఆ కాపీ కనపడకపోతే హోం శాఖకు ఆర్టీఐ పెట్టండి, 30 రోజుల్ల జవాబియ్యాలె.

నా కోపమంతా సైట్ల బ్లాకింగ్ మీదనే. సైట్లు ఆపే అధికారం సర్కారుకు ఇచ్చే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 2009ల తెచ్చిన రూల్స్‌ల 16వ రూల్, ఫిర్యాదూ చర్యా రెండూ రహస్యంగ ఉంచమంటది. చదివేటోనికి ఏమి ఆపిన్రో, ఎందుకు ఆపిన్రో తెలువకపోతే కోర్టుకు ఏం పట్టుకుని పోతడు? దేశ భద్రత అన్న మాట ప్రతి ఆర్డర్‌కు అతకదు. ఆ 16వ రూల్ తీసెయ్యాలె. మన ఎంపీలు పార్లమెంటుల ఈ ప్రశ్న వేసేదాక వాళ్లను అడగండి, ఊనీ రిపోర్ట్ లింకు పెట్టి మరీ అడగండి.