సవరణ: సైక్లింగ్ యూకే పేరు మార్పు గురించి

మొన్నటి పోస్టులో, బ్రిటన్‌లో సైకిల్ తొక్కేవాళ్ల సంఘమైన సైక్లింగ్ యూకేకి 1878 నుంచి ఉన్న ‘సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్’ అనే పేరుని 2016లో మొత్తానికే తీసేశారు, అలా మార్చకుండా ఉండాల్సింది అన్నాను కదా, అందులో రెండు తప్పులున్నాయి. 1878లో పెట్టింది ‘బైసికిల్ టూరింగ్ క్లబ్’, మూడు చక్రాల బండ్లు తొక్కేవాళ్లని కూడా చేర్చుకోవాలని 1883లో ‘సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్’ అని పేరు మార్చారు. ఇక 2016లో వచ్చిన ‘సైక్లింగ్ యూకే’ జనంలో వాడే పేరు, రిజిస్ట్రేషన్‌లో ఇప్పటికీ పాత పేరే ఉంది. క్లబ్ వాళ్ల చరిత్ర, అక్కడి రిజిస్ట్రేషన్ రికార్డులు చూశాక తెలిసింది. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే. పాత హోటళ్ల గోడల మీద ఆ క్లబ్ రెక్కల చక్రం గుర్తుతో ఉండే ఇనప బిళ్లలంటే నాకు చాలా ఇష్టం, అయినా కొత్తవాళ్ల కోసం పేరు మార్చుకోవడం వాళ్లకి కొత్తేం కాదు, అందుకే మార్చకూడదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.