సువార్త సరే, నా కుర్చీ మాటేంటి?

తిరుమల కొండ మీద అన్యమత ప్రచారాన్ని ప్రభుత్వం 2007లో నిషేధించింది. ఆ సంగతి అందరికీ తెలుసు. కొండ కింద తిరుపతిలో, సొంత చర్చిలోనే, ఎవరూ అడగకుండా సువార్తను విజయవంతంగా ఆపుతున్నది మాత్రం మా క్రైస్తవ సంఘమే. ఈ ఘనతకు తగిన గుర్తింపు రాలేదన్న బాధతో నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా పద్ధతి సులువు. ప్రతి ఆదివారం నశించిపోతున్న ఆత్మల కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తాం. అందులో ఒక ఆత్మ పొరపాటున గేటు తీసుకుని లోపలికొస్తే, అది కూర్చున్న కుర్చీ ఎవరిదో ముందు తేలుస్తాం.

మా దగ్గర ఇష్టాయిష్టాలు లేవు. ఉన్నవన్నీ సిద్ధాంతాలే. కీబోర్డు తమ్ముడు వాయిస్తే గుండెల్లో దడ పుట్టాలి, అది యువజన సిద్ధాంతం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తప్ప మరోటి పాటే కాదు, అది పెద్దల సిద్ధాంతం. (ఆ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాగం, తాళం కట్టి రాశారు. ఊరి చెవికి అలవాటైన బాణీ అది. ఇవాళ ఊరి చెవి వేరే చోట ఉంది. మా పెద్దలు మాత్రం చౌదరిగారి పాట పట్టుకున్నారు, ఆయన చేసిన పని వదిలేశారు.)

చిక్కల్లా బైబిల్లో ఊరూరా తిరిగి సువార్త చెప్పిన పౌలుగారితోనే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (అంటే ఉత్తరం) 9వ అధ్యాయంలో, యూదుల దగ్గర యూదుడిలా, బలహీనుల దగ్గర బలహీనుడిలా ఉన్నానని ఆయన రాసుకున్నారు. దాని ముందు అధ్యాయంలో, నేను తినే మాంసం నా సహోదరుడికి అభ్యంతరమైతే ఇక మాంసమే ముట్టనన్నారు. బిరియానీ రుచి తెలియని కాలం కాబట్టి అనగలిగారు. ఇక ఆయన శిష్యుడు తిమోతి కథ మరీ ఘోరం. ఆ కుర్రాడి తండ్రి గ్రీసు దేశస్థుడు. చుట్టుపక్కల యూదులు నొచ్చుకోకూడదని పౌలుగారు అంత వయసులో అతనికి సున్నతి చేయించారు. మత్తు సూది లేని రోజులు! మా కమిటీలో కీబోర్డు సౌండు రెండు గీతలు తగ్గించాలన్న తీర్మానం మూడు నెలలుగా పెండింగులో ఉంది.

పౌలుగారంటే అపొస్తలుడు, క్రీస్తు పంపిన దూత, మనం మామూలు మనుషులం అని తప్పించుకుందామంటే మన పుంగనూరు అడ్డొస్తుంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్ (ఒక కేథలిక్ గురువుల సంఘం) పాదిరీలు అక్కడికొచ్చి సన్యాసుల వేషం కట్టారు. మాంసం మానేశారు, తెలుగు నేర్చుకున్నారు. ఫ్రాన్సులో పుట్టినవాడు సారాయి సీసా వంక చూడకుండా పుంగనూరు ఎండలో శాకాహారం తిన్నాడంటే మాటలా? ఆ వేషంతో పాటు వాళ్లు కులం పట్టింపులు కూడా నెత్తికెత్తుకున్నారు. ఆ మొదటివన్నీ మాకు కష్టమనిపించాయి గానీ, ఆ చివరిదాన్ని మాత్రం పెళ్లి సంబంధాల దగ్గర ఇప్పటికీ భద్రంగా కాపాడుకుంటున్నాం.

అంత దూరం ఎందుకు, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మీసాలున్న మగాడు చీర కట్టి, పూలు పెట్టుకుని నడివీధిలో నడుస్తాడు. మొక్కు. ఎవరూ నవ్వరు. మా సంఘ పెద్ద పై గుండీ కూడా విప్పడు.

ఈ నేపథ్యంలో మా పక్కింటి సారును, పండగకు ముందే చర్చిలో జరిపే సెమీ క్రిస్మస్‌కు పిలిచిన పాపం నాదే. రిటైర్డ్ హెడ్మాస్టరు, పచ్చి శాకాహారి. గేటు దగ్గరే చెప్పులు విప్పారు. లోపల అందరం బూట్లతో ఉన్నాం. "పర్లేదు సార్, చెప్పులతోనే రండి" అన్నాను. "దేవుడి దగ్గరికి ఎట్లా నాయనా?" అన్నారు. సాక్సుకు చిల్లుంది కాబట్టి నేను ఆ చర్చ పొడిగించలేదు.

వచ్చి రెండో వరుసలో, ఫ్యాన్ కింద, పదకొండేళ్లుగా నాది అయిన కుర్చీలో కూర్చున్నారు. ప్రసంగం మొదలైంది. "ప్రియ సహోదరులారా, ఆయన తన ప్రశస్తమైన రక్తముచేత మనలను విమోచించి" అంటూ పాస్టరు అయ్యగారు అరగంట దంచారు. సారు నా వైపు వంగి, "తెలుగే కదా నాయనా ఇది?" అన్నారు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన మనిషి!

భోజనాల దగ్గర చికెన్ బిరియానీ. ఒక పక్కన సాంబారన్నం కూడా పెడదామని స్త్రీల సమాజం అక్క ముందే చెప్పింది. "క్రిస్మస్‌కి సాంబారా?" అని వంట కమిటీ ఆమెను కూర్చోబెట్టింది. సారుకు ఉత్త తెల్లన్నం, పైన పెరుగు పచ్చడి వేసిచ్చాం. ఆయన కలుపుకుని తిని, "బాగుంది నాయనా, ఉల్లిపాయ బాగా తరిగారు" అన్నారు. ఉల్లిపాయను మెచ్చుకున్నాడంటే మనసు మెత్తబడుతోందని మా పెద్ద సంతోషించాడు.

ఇక రాడనుకున్నాం. తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చారు, మళ్లీ నా కుర్చీలోనే. నేను తలుపు దగ్గర నిలబడి పౌలుగారిని తలుచుకున్నాను, తిమోతిని తలుచుకున్నాను, ఆ ఫ్రెంచి పాదిరీలను తలుచుకున్నాను. ధైర్యం వచ్చింది. "కూర్చోండి సార్, కూర్చోండి" అన్నాను. నిజంగానే అన్నాను. సారు పక్క కుర్చీ మీద దుమ్ము తుడిచి, "నువ్వూ రా నాయనా, గాలి ఇద్దరికీ వస్తుంది" అన్నారు.

రాదు. ఫ్యాన్ రెక్క అక్కడితో ఆగిపోతుంది. విషయం కమిటీకి రాసిచ్చాను, కీబోర్డు తర్వాత చూస్తామన్నారు.