బందరులో తేమ కరవు

మా బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు గాని, లెక్కలు మాత్రం ఆయన్ను విడిచిపెట్టలేదు. థర్మాకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, థర్మోస్టాట్, తేమ మీటర్ తెచ్చి హాల్లోనే గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ తయారుచేశాడు. డజను నాటుకోడి గుడ్లు అందులో చేరాయి. వేడి 37.7 డిగ్రీల దగ్గర బుద్ధిగా నిలబడింది. పేచీ అంతా తేమతోనే. మొదటి 18 రోజులు 50 శాతానికి అటూ ఇటూ ఉండాలట. మీటర్ 36 చూపించింది.

ఇది జూలై నెలలో, బందరులో. ఆరేసిన లుంగీ మర్నాటికీ ఆరదు. డబ్బా మూత తీసిన కాసేపటికే అప్పడం తమలపాకులా వంగిపోతుంది. అలాంటి ఊళ్లో తేమకు కరవొచ్చిందని ప్రకటించిన మొదటి యంత్రం అదేనేమో!

"మన ఊళ్లో తేమ లేకపోవడమేమిటండీ?" అంది పిన్ని.

"నువ్వు ఊరుకోవే. గాలి వేడెక్కితే తేమ శాతం పడిపోతుంది."

సూత్రం నిజమే. బయట 29 డిగ్రీల దగ్గర 85 శాతం తేమతో ఉన్న గాలి, పెట్టెలో వేడెక్కితే సుమారు 52కి దిగుతుంది. 36కి మాత్రం దిగదు. అంతమంది పిల్లల చేత లెక్కలు చేయించిన మనిషి ఆ ఒక్క లెక్కా వేయలేదు.

గిన్నెతో నీళ్లు పెట్టాడు. మీటర్ అంతగా కదల్లేదు. లోతు కాదు, నీటి పైవైశాల్యం ముఖ్యమని గుర్తొచ్చి పిన్ని వెడల్పాటి స్టీలు పళ్లెం లాక్కున్నాడు. అదీ చాలక, అంట్లు తోమడానికి తెచ్చిన కొత్త స్పాంజి. మీటర్ 50కి చేరిన సాయంత్రం ఇంటిల్లిపాదికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

పద్నాలుగో రోజు రాత్రి లైట్లార్పి గుడ్లను టార్చి వెలుగులో చూశాడు. గుడ్డులో నీరు కొద్దికొద్దిగా ఆవిరవుతూ పిల్ల బయటికొచ్చే వేళకు బరువు 12 శాతం దాకా తగ్గాలి. ఆ మేరకు వెడల్పు కొసన గాలి గది పెరగాలి. ఇక్కడ మాత్రం వారం కిందట పెన్సిలుతో గీసిన గీతను ఆ గది దాటనే లేదు. అంటే పెట్టెలో తేమ ఎక్కువైందన్నమాట.

పక్కింటి కుర్రాడు, బాబాయి పాత శిష్యుడే, మీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చే ఉప్పు పరీక్ష చెప్పాడు. ఉప్పును ముద్దయ్యేలా తడిపి, మీటరుతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. పిన్ని సగ్గుబియ్యం డబ్బా ఖాళీ అయింది. తెల్లారి చూస్తే మీటర్ 59 చూపిస్తోంది.

పదహారు తక్కువ! అంటే మొదటి రోజు 36 అన్నది అసలు 52. చుక్క నీరు అక్కర్లేదు. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఉప్పులో అయొడిన్ ఎక్కువైనట్టుంది" అన్నాడు.

పళ్లెం, స్పాంజి బయటికొచ్చాయి. పద్దెనిమిదో రోజుకు తేమ 65 దాటాలి గనుక మళ్లీ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. అప్పటికే పిన్ని ఆ స్పాంజితో చేపల మూకుడు తోమేసింది. ఇంకొకటి కొన్నారు.

మూత మీద "తెరవరాదు" అని బాబాయి స్వహస్తాలతో రాశాడు. ఇరవై ఒకటో రోజు తొలి పిల్ల బయటపడింది. దాని ఒంటి తడికి మీటర్ ఒక్కసారిగా 64కి ఎగబాకింది. 16 కలిపితే 80! బాబాయి మూత ఎత్తబోయాడు. పిన్ని చేత్తో అదిమి పట్టింది.

"ఇప్పుడు తెరిస్తే, పెంకు చిట్లిన గుడ్లలో పొర ఎండి పిల్లలకు అతుక్కుంటుందని చెప్పింది మీరే. రాసిందీ మీరే. చదవండి."

చదివాడు. రెండుసార్లు.

తొమ్మిది పిల్లలు వచ్చాయి. బాబాయి మీటర్‌ను నమ్మలేక రెండోది కొన్నాడు. రెండూ ఒకే చోట పెడితే ఏడు శాతం తేడా. ఇక మూడోది కొంటే గాని తీర్పు రాదన్నాడు. ఆ మధ్యాహ్నమే పిన్ని ఉప్పు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది.