మూడొందల నిమ్మకాయ

మహారాజశ్రీ ఎదుటివాళ్ల కానుకకు ఖరీదు కట్టే అలవాటుగారి సముఖానికి,

వందనాలు. మొన్న ఆదివారం మా చర్చి గుడి కోత పండుగకు మీరు దయచేశారు. ఎవరూ పిలవలేదు, మీకు పిలుపుతో పనేముంది? ఆరాధన అయ్యేదాకా వెనక బెంచీలో బుద్ధిగా కూర్చున్నారు. కానుకల వేలంపాట మొదలవగానే లేచారు. అక్కడితో ఆగక మా ఇంటికి భోజనానికి కూడా వచ్చి, పొద్దుగూకేదాకా మా బావ నోట్లో కాపురం పెట్టారు.

అమ్మ చేసిన మొదటి నేరం, గుడ్లు పెడుతున్న నాటుకోడిని కానుకగా ఇచ్చేయడం. బావ ఫోన్ తీశాడు. వారానికి నాలుగు గుడ్లు, గుడ్డు పదిహేను, అందులో ఒక విడత పొదగేస్తే పది పిల్లలు, వాటిలో పెట్టలు ఎన్ని... టీ తాగే వేళకు ఆ కోడి ముప్పై కోళ్లయింది. దీపాలు పెట్టే వేళకు ఫారమే అయింది. ఇంకో గంట ఉంటే బ్యాంకు లోనుకు దరఖాస్తు రాసేవాళ్లం.

కోడి సంగతి వదిలేస్తాను. నాకు మింగుడుపడనిది నిమ్మకాయ.

మా వీధి చివర పెద్దమ్మ ఒకామె ఒక్క నిమ్మకాయ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆమె దగ్గర ఉన్నది అదే. పక్కన గుమ్మడికాయలు, అరటి గెలలు, వడ్ల బస్తాలు. నిమ్మకాయ వంతు వచ్చేసరికి ఎవరో ‘ఐదు’ అన్నారు, ఇంకెవరో ‘పది’ అన్నారు, పాట ఆగిపోయింది. అప్పుడు అమ్మ ‘యాభై’ అంది. పోటీ లేదు. ‘వంద’ అంది. ‘అమ్మా, నీ మీద నువ్వే పాడుకుంటున్నావు’ అన్నాడు పాట పెట్టే సంఘ పెద్ద. ‘అయితే రెండొందలు’ అంది. గుడంతా నవ్వు. మూడొందల దగ్గర సుత్తి పడింది. ఆ పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. నేను ఆమె నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

మీకు మాత్రం మా పెరట్లో నిమ్మచెట్టు కనిపించింది. ‘ఇంట్లో చెట్టు పెట్టుకుని మూడొందలకు నిమ్మకాయా?’ అని బావ చేత పదకొండుసార్లు అనిపించారు. లెక్కపెట్టాను, మీ సహవాస దోషం.

అయినా మూడొందలంటే మీకేదో పాత బంధుత్వం ఉన్నట్టుంది. బేతనియలో ఒక ఆడమనిషి యేసు మీద పోయడానికి ఖరీదైన అత్తరు బుడ్డి పగలగొట్టిన రోజు కూడా మీరు మున్నూరు దేనారాలనే అరిచారు. బీదలకు ఇవ్వొచ్చుగా అన్నారు. ఎవరి నోటితో అన్నారో చెప్పడానికి సువార్త రాసినవాళ్లలో మార్కు మొహమాటపడి ‘కొందరు’ అని ఊరుకున్నాడు, మత్తయి ‘శిష్యులు’ అన్నాడు. యోహాను మాత్రం ఇస్కరియోతు యూదా అని పేరు పెట్టి, డబ్బు సంచి ఎవరి చేతిలో ఉండేదో, అందులోంచి ఏం పోయేదో కూడా రాసి పారేశాడు. అప్పట్లో దేనారం అంటే కూలివాడి ఒక రోజు కూలి. అమ్మ ఇచ్చిన మూడొందలు కూడా ఒక రోజు పత్తి తీసిన కూలే. అంటే లెక్క ప్రకారం ఒక్క దేనారం. మిగతా రెండు వందల తొంభై తొమ్మిదికి కూడా మీరు మా ఇంట్లోనే ఏడ్చి వెళ్లారు.

ఇలాంటివాళ్ల మీద మీకు పగ కొత్తది కాదనుకుంటా. 1912లో బిషప్పు అయిన అజరయ్యగారు ఈ పక్కనే డోర్నకల్‌లో ఉండి, కూలినాలి చేసుకునే సంఘాలకు ఇవ్వడం నేర్పాడు, దాని మీద పుస్తకమే రాశాడు. 1939లో ప్రతిష్ఠ చేసిన ఆ పెద్ద గుడి ముందు నిలబడినప్పుడు కూడా మీరు ఇటుకలే లెక్కపెట్టి ఉంటారు. మా తాతమ్మ పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేదట. ‘పిల్లలకు చాలనప్పుడు దేవుడికెందుకే’ అని అప్పుడూ ఎవరో అన్నారట. ఎవరో ఏమిటి, మీరే.

ఒక్క మాట అడుగుతాను. టీవీలో ఫోన్‌పే నంబరు పెట్టి ‘విత్తనం వేయండి, వందంతలు వస్తుంది’ అనేవాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్లరు? మీ అవసరం నిజంగా ఉన్నది అక్కడ. వెళ్లి లెక్కలు అడగండి, నేను కుర్చీ వేస్తాను. మైకులో దాతల పేర్లు చదివించుకునేవాళ్ల దగ్గర కూర్చోండి. పోనీ బావ కొడుకు మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ ఎంతైందో ఒక్కసారి గుణించండి. వెళ్లరు. పత్తి తీసే ఆడమనిషి కొంగుముడి విప్పితేనే మీకు అర్థశాస్త్రం గుర్తొస్తుంది. సిగ్గులేదురా నీకు? ఆమె అప్పు చేసిందా? నిన్ను అడిగిందా? ఏడాదిలో ఆమె అంత గట్టిగా నవ్విన రోజు అదొక్కటే. దానికి గుడ్డుకు పదిహేను చొప్పున రేటు కడతావా?

క్షమించాలి, మాట జారింది. అసలు నాకు అంత కోపం ఎందుకంటే, కోళ్ల గుణకారంలో బావ ఒకచోట తప్పు చేస్తే సరిదిద్దింది నేనే.

అమ్మ మాత్రం మీతో వాదించలేదు. సాయంత్రం ‘పాపం, మాట్లాడి మాట్లాడి గొంతు ఎండిపోయింది’ అని వేలంలో పాడిన కాయే కోసి, ఉప్పు, పంచదార కలిపి బావకు గ్లాసెడు ఇచ్చింది. గుటగుటా తాగేసి, ‘అత్తయ్యా, ఇంకో గ్లాసు’ అన్నాడు.

ఇట్లు,
నిమ్మచెట్టు ఉన్న ఇంటివాడు